అమ్మ మెడలోని సూది

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకొని పేపరు తిరగేయడం రిటైరైన పంతులమ్మకు మిగిలిన ఏకైక ఉద్యోగం కాబట్టి, మొన్నామధ్య నేనూ ఆ ఉద్యోగంలోనే ఉండగా, జిల్లా పేజీలో ఒక ఫొటో దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. నీలం టార్పాలిన్ పట్ట మీద వరసగా పడుకోబెట్టిన పాత తుపాకులు, వాటి వెనక నిలబడిన అధికారులు, ఒక మూలగా ప్లాస్టిక్ కుర్చీలో తల వంచుకొని కూర్చున్న ముసలాయన. పైన పెద్దక్షరాలతో ఏదో గుట్టు రట్టయిందని రాశారు, కింద నిబంధనలు ఉల్లంఘించిన తుపాకుల కార్ఖానాను ఎందుకు మూసేయకూడదో చెప్పమని నోటీసిచ్చారని రాశారు. అవన్నీ నేను తర్వాత చదివాను. ముందు నా కళ్ళు పడింది ఆ వరసలోని ఒక తుపాకి మీద. దాని చెక్క మడమ మీద, అంటే భుజానికి ఆనించే చోట, అరచెయ్యంత రాగి రేకు కొట్టి ఉంది. అడవిపంది తోసిన తోపుకు బండ మీద పడి మడమ పగిలితే అతుకు వేయించిన రేకు అది. అది మా నాయన తుపాకి.

కుర్చీలో ఉన్న ముసలాయన మా మామ. మా మధ్య రక్తసంబంధం ఏమీ లేదు, ఆయన కమ్మరం పని చేసే ఇంటివాడు, మేము కాపు చేసుకొనే వాళ్ళం, అయినా మా సీమలో వరస కలుపుకోవడానికి రక్తమే కావాలన్న పట్టింపు ఎప్పుడూ లేదు. అనంతపురం నుంచి ధర్మవరం పోయే దారిలో, ఒకప్పుడు ఊరికి ఎడంగా, ఇప్పుడు చుట్టూ కాలనీలు ముసురుకొని, ఆ కార్ఖానా ఉంది. లైసెన్సు తెచ్చి పెట్టింది మామ నాయన, నడిపింది మామ.

నా వయసు వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, ఇప్పటి పిల్లలకు సీమలో తుపాకి అంటే సినిమాలో చూసిందే తుపాకి, కార్లు గాల్లోకి లేవడం, హీరో తొడ కొట్టడం. ఏం చూసినారు మా బతుకులు అనిపిస్తుంది నాకు ఆ బొమ్మలు చూస్తుంటే. మా రోజుల్లో రైతు ఇంట్లో నాగలి, గొర్రు, తుపాకి, మూడూ వ్యవసాయం సామాన్లే. వానలు పడవు, పడితే ఒకసారి పడతాయి, ఆ ఒక్క తడికి మొలిచిన శెనక్కాయ చేను మీద అడవిపందుల మంద పడిందంటే ఆ ఏటికి ఇంటిల్లిపాదికీ గంజి కూడా ఉండదు, అందుకని చేను కాపలాకు సర్కారు లైసెన్సు ఇచ్చేది, మామ కార్ఖానా తుపాకి ఇచ్చేది. ఒక గొట్టం, ఒక చెక్క మడమ, ఒక సుత్తి. మీట నొక్కితే సుత్తి వచ్చి సూది మీద పడుతుంది, సూది పోయి తూటా వెనక్కు పొడుస్తుంది, మందు అంటుకుంటుంది. సూది అంటే బట్టలు కుట్టే సూది కాదు, సగం వేలంత ఉక్కు ముక్క, మొన కొంచెం గుండ్రంగా ఉంటుంది. ఆ కాలంలో మామ ప్రతి సూదినీ చేత్తో అరగదీసి ఆ తుపాకికే సరిపోయేట్టు కూర్చేవాడు, ఒకదాని సూది ఇంకొకదానికి పట్టదు. వేరే ఎవరితోనైనా చేయించుకోవచ్చు కదా అని మీరడుగుతారేమో, ఆ పని తెలిసినవాడు మా చుట్టుపక్కల మామ ఒక్కడే.

మా నాయనను చంపింది ఆయనకు వరసకు తమ్ముడయ్యే మనిషే. కరువు ఏడు, ఉమ్మడి బావిలో అడుగున నీళ్ళు, ఆ నీళ్ళకు వంతులు, వంతు తప్పిందని మాట, మాట మీద మాట, ఆఖరికి వేటకొడవలి. తుపాకి ఆ రోజు ఇంట్లో మేకుకే వేలాడుతూ ఉంది, బావి దగ్గరికి తుపాకి ఎవరు తీసుకుపోతారు. నేనప్పుడు పెద్ద పరీక్షకు చదువుతున్నాను, అన్న నాకంటే పెద్ద, చదువు మానేసి నాయనతో సేద్యంలో ఉన్నాడు. చంపినవాడు తనే పోయి లొంగిపోయాడు. కొన్నాళ్ళకు బెయిలు మీద బయటికొచ్చి తిరిగాడు, కేసు తేలాక జైలు అయింది, తిరిగి వచ్చాడు, ముసలివాడై మంచంలోనే పోయాడు. అది చాలా ఏళ్ళ తర్వాతి మాట.

పెద్దకర్మ రోజున అన్నకు పాగా చుట్టారు. కొడుకు ఇంటికి పెద్ద అయినాడని చెప్పే ఆచారం అది, అందరిళ్ళలోనూ ఉండేదే. కానీ మా వాళ్ళు అంతటితో ఊరుకోలేదు, పాగా చుట్టినాక మేకు నుంచి తుపాకి దించి అన్న ఒళ్ళో పెట్టారు. పగ తీర్చాల్సింది ఇక వాడేనని దాని అర్థం, నోటితో అనాల్సిన పని లేదు. ఒక పెద్దమనిషి మాత్రం అన్న పై పెదవి మీద అప్పుడే నల్లబడుతున్న నూనూగు మీసం వైపు చూసి, అది తిప్పేది ఎప్పుడో నీకు తెలుసు గదా అన్నాడు. అన్న తల ఊపాడు. గడప లోపల, అప్పుడే మెడ బోసిపోయిన మా అమ్మ కూర్చొని ఆ తల ఊపడం చూసింది.

మర్నాడు అన్న చేనికి పోయేదాకా ఆగి, అమ్మ తుపాకిని గోనెపట్టలో చుట్టి, చంకన పెట్టుకొని, నన్ను రమ్మంది. మైల తీరిన మర్నాడే విధవ ఆడది గడప దాటి బస్సెక్కితే ఊరు ఏమంటుందో మీకు తెలుసు. అమ్మకూ తెలుసు. దారిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే, అతుకు వదిలిన మడమ బాగు చేయించడానికి అంది.

కార్ఖానాలో మామ గోనెపట్ట విప్పి తుపాకి చూశాడు, తను చేసిందే కదా, గుర్తు పట్టాడు. అమ్మ చెప్పింది ఒకే మాట. "ఇది మా ఇంట్లో వద్దన్నా. వానికి దొరకనియ్యద్దు." మామ తుపాకిని, తూటా పెట్టేటప్పుడు మడిచినట్టు మధ్యకు విరిచి, పనిముట్టుతో సూది బయటికి తీసి, నూనె తుడిచి, అమ్మ చేతిలో పెట్టాడు. "తుపాకి నా దగ్గరుంటాది, దీని ప్రాణం నీ దగ్గర పెట్టుకోమ్మా. రెండూ నా దగ్గరే ఉంటే రేపెవుడన్నా నన్ను బెదిరించో, దుడ్లు చూపించో తీసకపోతాడు. నా మింద నాకే నమ్మకం లేదు, నీ మింద ఉండాది." ఆ తర్వాత మమ్మల్ని వెనక గదిలోకి తీసుకుపోయి గోడ చూపించాడు. గోడ నిండా తుపాకులు. ఒక్కోటి ఒక్కో ఇంటిది, ఒక్కోటి ఒక్కో తల్లి తెచ్చి పెట్టింది. అమ్మ ఆ గోడ ముందు నిలబడి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నాయన పోయిన తర్వాత నేను అమ్మ అంతలా ఏడవగా చూసింది అప్పుడే, అది దుఃఖం కాదని, తను ఒక్కతే కాదని తెలిసిన ఊరట అని నాకు చాలా కాలానికి గానీ అర్థం కాలేదు.

చట్టం ప్రకారం అది తప్పు. లైసెన్సుదారుడు పోతే తుపాకి స్టేషన్లోనో డీలరు దగ్గరో అప్పగించి రాయించాలి, మామ కూడా రాసుకొని పైకి తెలియజేయాలి. మామకు ఆ సంగతి తెలియక కాదు. అప్పగించి రాయిస్తే, కొడుకు పెద్దవాడైనాక వారసుడినని వచ్చి హక్కుగా అడుగుతాడు, లైసెన్సు తెచ్చుకుంటే ఇచ్చి తీరాలి. ఏ కొడుకు చేతికి అది పోకూడదని తల్లి తెచ్చి పెట్టిందో, చట్టం దాన్ని ఆ కొడుకునే పిలిచి ఇస్తుంది. అందుకే మామ ఎక్కడా ఎక్కించలేదు. ఆ గోడ మొదలైంది మామ అక్కతోనట. ఆమె మొగుణ్ణి ఎవరో చంపితే, ఆమె కొడుకు తాత చేసిన తుపాకి తీసుకుపోయి పగ తీర్చుకున్నాడు, తిరిగి అతన్నీ చంపారు. ఆ తుపాకిని ఆ అక్కే తెచ్చి తమ్ముడి ముందు పడేసి, చేసినోళ్ళు మీరు, మీరే పెట్టుకోండి అని పోయిందట. గోడకు మొదటి మేకు ఆ రోజు కొట్టిందే. ఇవన్నీ మామ చెప్పలేదు, మామ పెళ్ళాం అమ్మకు చెప్పింది.

అమ్మ ఆ సూదిని పెట్టెలో పెట్టలేదు, గూట్లో పెట్టలేదు. ఇంటికి రాగానే కొత్త దారానికి పసుపు రాసి, సూదిని కట్టి, మెడలో వేసుకొని రవిక లోపలికి తోసింది. తాళి తీసేసిన చోటే. నేను నోరు తెరవబోతే, నోరు మూసుకో, ఇంటి గుట్టు లంకకు చేటు అంది. ఆ గోడ మీద తుపాకులున్న ఆడవాళ్ళందరూ అలాగే వేసుకొనేవాళ్ళని తర్వాత తెలిసింది. ఎవరు మొదలుపెట్టారో, ఎవరు ఎవరికి నేర్పారో తెలియదు. మొగుడి బొట్టు పోయిన మెడలో మొగుడి తుపాకి సూది. ఏ శాస్త్రంలోనూ ఉండి ఉండదు.

ఉన్న చేను కోర్టు చుట్టూ తిరిగే ఖర్చులకు పోయింది. మామ అమ్మను పనికి పెట్టుకున్నాడు, పరీక్ష అయ్యాక నన్నూ పెట్టుకున్నాడు, టీచరు ట్రైనింగుకు సీటు వచ్చేదాకా నేను అక్కడే పని చేశాను. మా పని మడమలకు గరుకు ఉప్పుకాగితం రుద్ది, అవిసె నూనె పట్టించడం. టేకు చెక్క నూనె తాగుతుంది, తాగాక మళ్ళీ పెట్టాలి, మళ్ళీ తాగుతుంది, విసుగు పుట్టేదాకా తాగుతుంది, ఆఖరికి ఒక రోజు చాలన్నట్టు మెరుస్తుంది. ఆ అవిసె నూనె వాసన ఇప్పటికీ ఎక్కడైనా తలుపులకు పాలిష్ పెడుతుంటే తగులుతుంది, నేను కొంచెంసేపు ఆగి గానీ కదలను. తుపాకి తయారయ్యాక మామ దాన్ని నిలబెట్టి, గొట్టానికి నిండుగా పట్టే చెక్క కడ్డీని లోపల వేసి మీట నొక్కేవాడు. సూది బాగుంటే కడ్డీ తుళ్ళి పైకి లేస్తుంది. లేచినప్పుడల్లా మామ చిన్నపిల్లవాడిలా నవ్వేవాడు. ఆయుధాలు చేసేవాడు అలా నవ్వుతాడా అని నాకు వింతగా ఉండేది.

ఆయుధపూజ రోజు మాత్రం కార్ఖానా వేరేగా ఉండేది. ముందు వాకిట్లో మామూలు పూజ, గుమ్మడికాయ, బంతిపూలు, బొరుగులు. ఆ సందడి అయ్యాక వెనక గది తలుపు తీసేవాళ్ళు. ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు, అందరూ విధవలే, పండగ పనులకు ముందుకు రానివ్వని వాళ్ళు, ఆ గదిలో మాత్రం తమ తమ తుపాకి దగ్గర నిలబడి దానికీ, మేకు కింద గోడకూ పసుపు పెట్టేవాళ్ళు. ఒకరి పేరు ఒకరు అడిగేవాళ్ళు కాదు, కాకపోతే పిల్లోడు ఎట్లుండాడు అని అడిగేవాళ్ళు. ఉండాడు అంటే చాలు.

మా పిల్లోడు, అంటే మా అన్న, ఊళ్ళో నలిగిపోతున్నాడు. మంగలి దగ్గరికి పోతే, ఏమప్పా మీసం ఉంచాల్నా తీయాల్నా అని అడిగేవాళ్ళు, పక్కనున్నోళ్ళు నవ్వేవాళ్ళు. పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చుంటే పక్కవాడు లేచి వేరే చోట కూర్చునేవాడు. అన్న మీసం నున్నగా గీయించుకోవడం మొదలుపెట్టాడు. పుండు మీద కారం చల్లినట్టు, దానికీ ఒక మాట అనేవాళ్ళు. తుపాకి ఎక్కడుందో అమ్మ చెప్పలేదు, అన్నే వాసన పట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం వచ్చాడు. నేనూ అమ్మా ముందు వసారాలో మడమలు రుద్దుతున్నాము. మా వైపు చూడకుండా నేరుగా వెనక గదికి పోయి, రాగి రేకు చూసి గుర్తు పట్టి, గోడ మీది నుంచి తుపాకి దించుకున్నాడు. మామ అడ్డం పోలేదు. అన్న జేబులోంచి తూటా తీసి పెట్టి, పెరట్లో మట్టి కట్టకు గురి చూసి నొక్కాడు. ఠక్ అంది, అంతే. మళ్ళీ నొక్కాడు. అప్పుడు మామ అన్నాడు: "కాలదప్పా అది. దాని ప్రాణం మీ అమ్మ దగ్గరుండాది. పోయి అడుక్కో."

అన్న వచ్చి అమ్మ ముందు చెయ్యి చాపాడు. అమ్మ నూనె చేతులు చీరకు తుడుచుకొని, మెడలోని దారం పట్టుకొని సూదిని రవిక బయటికి లాగి, గడ్డం పైకెత్తి మెడ చాపింది. "ఈడనే ఉండాది. తెంపుకో."

కార్ఖానాలో అందరూ పని ఆపేశారు. అన్న చెయ్యి లేచింది, అమ్మ గొంతు దాకా వచ్చింది, అక్కడ ఆగింది. తల్లి మెడలోంచి పసుపుదారం తెంపడం అనేది ఎంత పగ ఉన్నవాడికైనా చేతనవుతుందా? అన్న తుపాకిని నూనె బల్ల మీద పెట్టి, వచ్చిన దారినే పోయాడు. ఇంటికి పోలేదు, అటునుంచి అటే బళ్ళారి పోయి లారీలో క్లీనరుగా చేరాడు. అమ్మ మళ్ళీ మడమ రుద్దడానికి కూర్చుంది గానీ చెయ్యి తగిలి అవిసె నూనె డబ్బా దొర్లిపోయింది.

అన్న డ్రైవరయ్యాడు, పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, అన్నీ అయ్యాయి. అమ్మతో మాటలు మాత్రం ముక్తసరిగానే. వచ్చేవాడు, దుడ్లు గూట్లో పెట్టేవాడు, అన్నం తిని పోయేవాడు. తన కొడుకు చేతకానివాడని ఊరు అంటుంటే అమ్మ వింటూనే ఉండేది, తెంపుకోమన్నది నేనే అని ఒక్కరికీ చెప్పలేదు. చెబితే వాడు అడిగిన సంగతి బయటపడుతుంది కదా, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అమ్మ పోయినప్పుడు స్నానం చేయించే ఆడవాళ్ళు మెడలో ఇదేమిటని అడిగితే, తాయత్తు అని చెప్పాను. తెంపేద్దామని ఒకామె చెయ్యి పెట్టబోతే, వాకిట్లో నిలబడి ఉన్న అన్న అందరినీ తోసుకొని లోపలికి వచ్చి, అమ్మ తల పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, ముడి విప్పాడు. తెంపలేదు, విప్పాడు. ముడి బిగుసుకుపోయి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత దాన్ని ఏం చేశాడో నేను అడగలేదు.

ఇదంతా గుర్తు చేసుకుంటూ ఆ పేపరు పట్టుకొని నేను ఆటో ఎక్కి కార్ఖానాకు పోయాను. తనిఖీకి వచ్చింది కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ, చిన్న వయసు, మంచి పిల్లలాగే ఉంది. కాలనీల మధ్య మట్టి కట్టకు కాల్చి చూడడం తప్పని, గదికి ఉక్కు తలుపు లేదని, కెమెరాలు లేవని చాలా రాసింది. అవన్నీ సర్దుకోగలిగినవే. వెనక గది దగ్గరే అంతా తిరగబడింది. ఎక్కడా చూపించని తుపాకులు గోడ నిండా ఉన్నాయి, ఒక్కదానికీ సూది లేదు. సూదులు నాటు తుపాకులు చేసేవాళ్ళకు అమ్ముకున్నాడని అధికారుల అనుమానం. అదే నిజమని తేలితే కార్ఖానా పోవడం ఒక్కటే కాదు, ఈ వయసులో మామ జైలుకు పోతాడు, హంతకులకు సూదులమ్మిన మనిషని పేరు మిగులుతుంది. ఆ తుపాకులు ఇచ్చిందెవరో చెప్పమని ఆమె ఎన్ని విధాలుగా అడిగినా మామ, "ఆడోళ్ళు ఇచ్చినారు తల్లీ. పేర్లు చెప్పను" అనే మాట తప్ప ఇంకోటి అనలేదట. చెబితే ఆ ఇళ్ళ మీదికి కేసులు పోతాయని ఆయన భయం. మామ కొడుకు నన్ను పక్కకు పిలిచి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఒక్కరన్నా వచ్చి చెప్తే చాలక్కా. ఒక్క సూది చూపిస్తే చాలు."

బత్తలపల్లె బస్సెక్కి అన్న దగ్గరికి పోయాను. లారీ మానేశాక ఊరి బయట ఎండిపోయిన చీనీ, అదే బత్తాయి, తోటలో రేకుల షెడ్డు వేసుకొని వదినతో ఉంటున్నాడు. చెప్పిందంతా విని, చీనీ మోళ్ళ వైపు చూస్తూ, "ఊర్లో అందురికీ తెలుస్తాది గదా" అన్నాడు. తుపాకి అడగడానికి పోయినది, తేలేకపోయినది, రెండూ తెలుస్తాయి. డెబ్బై దగ్గర పడుతున్న మనిషికి ఇంకా ఊరి భయమా అని నాకు ఒళ్ళు మండింది. నేను చిన్నప్పటి నుంచీ నోరున్నదాన్నే. "ఆయప్ప మనమ్మ పేరు చెప్పకుండా నోరు మూసుకొని కూసున్నాడు. నువ్వు నీ మీసం గురించి ఆలోచన చేసుకో" అని లేచాను. అన్న నన్ను కూర్చోమని సైగ చేసి, చొక్కా పై గుండీలు విప్పాడు. మాసి నల్లబడిన దారం, దానికి సూది. అమ్మ మెడలోంచి విప్పిన రోజు వేసుకున్నదట. వదినకు కూడా తాయత్తు అనే చెప్పాడట. నా మాటకు నాకే తల తీసేసినట్టయింది.

మర్నాడు ఇద్దరమూ పోయాము. టార్పాలిన్ మీది నుంచి రాగి రేకు తుపాకి తీయించి, అన్న ఆఫీసరమ్మ ముందు నిలబడి, జరిగిందంతా ఒక్కటీ దాచకుండా చెప్పాడు. పేపరువాళ్ళు ఉన్నారు, పోలీసులు ఉన్నారు, కాలనీ జనం గేటు దగ్గర ఉన్నారు. నేను అడుక్కోడానికి పోయినాను, మా అమ్మ మెడ చాపింది, నాకు చెయ్యి రాలేదు అన్నాడు. మామ సూదిని అమర్చాడు, అది తన చోటు తనకు తెలిసినట్టు పోయి కూర్చుంది. తుపాకిని నిలబెట్టి, చెక్క కడ్డీ వేసి, నొక్కాడు. కడ్డీ తుళ్ళి లేచింది. మామ ఈసారి నవ్వలేదు.

ఆఫీసరమ్మ కడ్డీని చేతిలోకి తీసుకొని తిప్పి చూసింది. తర్వాత, అప్పగించిన మనిషి చనిపోయింది, చనిపోయినవాళ్ళ మీద నేను కేసు పెట్టలేను కదా అంటూ అలాగే రాసుకుంది. మిగతా సూదుల సంగతి ఏమిటంది. కొన్ని చితి బూడిదలో పోయింటాయి, కొన్ని పూడ్చిపెట్టింటారు, నాకేం తెలుసు తల్లీ అన్నాడు మామ. వారం గడువిచ్చింది, అంతవరకు తుపాకులను కాపలా పెట్టి అక్కడే ఉంచింది, వచ్చి చూపించినవాళ్ళను ఇబ్బంది పెట్టనని మాట ఇచ్చింది. ఊళ్ళకు కబురు పోయింది, అన్న చెప్పిన మాటలు పేపర్లో కూడా వచ్చాయి. మేము రోజూ కార్ఖానా గేటు దగ్గర కూర్చున్నాము. ఎవరూ రాలేదు.

లేదు, ఒకామె వచ్చింది. ఆఖరి రోజు ఒక ఆటో వచ్చి ఆగింది, బాగా ముసలామె దిగింది, కర్ర పోటేసుకుంటూ గేటు లోపలికి వచ్చి టార్పాలిన్ పొడవునా వెతుక్కుంటూ నడిచి, ఒక తుపాకి దగ్గర ఆగింది. వంగలేక, కర్ర కొనతో దాని మడమను తాకింది. ఆమె రెండో చెయ్యి కొంగు కింద, రొమ్ము మీద, దేన్నో పిడికిట్లో పట్టుకొని ఉంది. మామ కొడుకు లేవబోయాడు. మామ వాడి చెయ్యి పట్టి కూర్చోబెట్టి, కుర్చీ తిప్పుకొని ఆమెకు వీపు చేసి, గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమెకు కొడుకులున్నారో, మనవలున్నారో, ఏ భయముందో. ఒక్క మాట మాట్లాడితే మామ కార్ఖానా నిలబడుతుందేమో. ఆమె మాట్లాడలేదు, ఆయన అడగలేదు. ఆటో వెళ్ళిపోయిన చప్పుడు విన్నాకే మామ కుర్చీ ఇటు తిప్పాడు.

సూదులు అమ్మాడన్న కేసు పెట్టలేదు, అంతవరకు అన్న మాట పనికొచ్చింది. కార్ఖానా మాత్రం మూసేశారు, లైసెన్సు రద్దు చేశారు. అది తప్పు అని నేను అనలేను, చట్టం చట్టమే, పంతులమ్మను కదా, ఆ మాత్రం నాకూ తెలుసు. గోడ మీది తుపాకులన్నిటినీ పెరట్లో గ్యాస్ కట్టరుతో ముక్కలు కోశారు. తను చేసిన తుపాకులన్నీ తుంటలు తుంటలుగా పడుతుంటే మామ చివరిదాకా చూస్తూ కూర్చున్నాడు. అమ్మ సూదిని ఒక కవరులో పెట్టి, లక్కతో సీలు వేసి, తీసుకుపోయారు. అన్న అది తిరిగి ఇస్తారా అని అడిగాడు. ఇవ్వరని ఆఫీసరమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పటి నుంచి మాట్లాడుతూ మాట్లాడుతూ అన్న చెయ్యి చొక్కా గుండీల దగ్గరికి పోతుంది, అక్కడ ఏమీ లేక ఊరికే మెడ సవరించుకొని కిందికి వస్తుంది.

తాళం వేసిన రోజు మామ అన్న భుజం మీద చెయ్యి వేసి, "ఇంగన్నా మీసం పెంచప్పా" అన్నాడు. అన్న, "ఇప్పుడు తెల్లగా వస్తాది మామా" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కాలం మారింది, తుపాకులు పోయాయి, ఊళ్ళు మెత్తబడ్డాయి అంటారు, మంచిదే, కాదనను. కానీ పగలు పోయాయా? మా వీధిలో పిల్లలు ఫోన్లో పెట్టిన ఒక మాటకు మొన్న కత్తులు పట్టుకున్నారు. కొడుకు చేతిలో ఏముందో ఇప్పటి తల్లికి తెలియనే తెలియదు, తెలిసినా దాన్ని లాక్కొని, గోనెపట్టలో చుట్టి, బస్సెక్కి తీసుకుపోయి ఇదిగో పెట్టుకోన్నా అని ఇవ్వడానికి చోటు లేదు. కార్ఖానా స్థలంలో ఏదో కల్యాణ మండపం కడతారట. వెనక గది ఇంకా కొట్టలేదు. మొన్న అన్నా నేనూ అటువైపు పోయి కిటికీలోంచి చూస్తే, గోడ ఖాళీగా ఉంది, మేకులు మాత్రం అలాగే ఉన్నాయి, ఒక్కో మేకు కింద ఎన్నో ఏళ్ళ పసుపు మరకలు. అన్న తెల్ల మీసం వేలితో నిమురుకుంటూ, మనదేది అని అడిగాడు. ఎంత వెతికినా నాకు గుర్తు రాలేదు.